బీగం చెవి ఎవరింట్లో ఉండేది?

మొన్న సంక్రాంతికి ఊరికి పోతే మా ఊరి పెద్దలు నాకొక పని అప్పజెప్పారు. పాత కమ్యూనిటీ హాలు పడగొట్టి అదే జాగాలో కొత్తది కట్టాలని అనుకుంటున్నారు. పైన ఏసీ హాలు, కింద భోజనాలకు గది, ముందు పక్క కార్లు నిలుపుకోవడానికి స్థలం. ప్రారంభం నాడు గోడకు బిగించే నల్లరాయి మీద హాలు చరిత్ర పది వరుసల్లో చెక్కించాలంట. "నువ్వు రాస్తా ఉంటావు కదమ్మా, ఆ పది ముక్కలూ నువ్వే రాసియ్యి" అన్నాడు మా మేనమామ.

ఆ రాత్రే కూర్చున్నాను. రెండు వరుసలు తేలిగ్గా వచ్చాయి. జన్మభూమి రోజుల్లో కట్టారు. ఊరంతా చందాలు వేసుకుంది. మూడో వరుస దగ్గర పెన్ను ఆగింది. ఊరంతా అంటే ఎవరు? ఆ హాల్లో ఎవరి పెళ్ళిళ్ళు జరిగాయి, ఎవరివి జరగలేదు? ఈ ప్రశ్నలకు జవాబు నాకు బాగా తెలుసు. ఆ హాలు బీగం చెవి మా ఇంట్లోనే ఉండేది. దేవుడి గూటి పక్కన గోడకు కొట్టిన మేకుకు వేలాడేది. చిన్నప్పుడు ఆ చెవి పట్టుకుని పోయి హాలు తలుపులు తీసి రావడం నా పని.

పది వరుసలు నేనింకా ఇవ్వలేదు. ఇచ్చేముందు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఊరుమ్మడి కట్టడం చరిత్ర రాయాలంటే ఎవరు శంకుస్థాపన చేశారు, ఎంత ఖర్చయింది అని రాస్తే చాలదు. దాని బీగం చెవి ఎన్నాళ్ళు ఎవరి చేతిలో ఉంది, ఆ చెయ్యి ఎవరికి తలుపు తీసింది, ఎవరికి తియ్యలేదు, అది రాయాలి. అది రాయకుండా పాతదాన్ని పడగొడితే కొత్త తలుపులకు కూడా అదే బీగం పడుతుంది.

మాది పాత చిత్తూరు జిల్లాలో, దామలచెరువు మండీలకు మామిడికాయలు తోలే ఊళ్ళలో ఒకటి. హాలు రాకముందు ఆ జాగాలో చావిడి ఉండేది. రాములవారి గుడి పక్కన నాటు పెంకుల కప్పు, మూడు పక్కల మట్టి గోడలు, ముందు ఎత్తైన అరుగు. ఎదురుగా రావిచెట్టు, దాని చుట్టూ రచ్చబండ. మునసబు, కరణం శిస్తు లెక్కలు చూసింది ఆ అరుగు మీదేనని మా నాయన చెప్పేవాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్యంగా వస్తున్న ఆ ఉద్యోగాలను రద్దు చేసింది. దాంతో చావిడికి సర్కారు పని పోయింది. కూర్చునే పద్ధతి మాత్రం పోలేదు. భూములున్నవాళ్ళు అరుగు మీద, మిగిలిన కులాలవాళ్ళు రచ్చబండ మీద, దళితవాడ నుంచి పంచాయితీకి వచ్చినవాళ్ళు రావిచెట్టుకు అవతల నేల మీద. ఎవరూ గీత గీయలేదు. అయినా ఎవరు ఎక్కడిదాకా రావచ్చో మాకు బడికి పోకముందే తెలుసు.

ఆ చావిడిలో నాకు గుర్తున్న మంచి రోజులు రాత్రి బడి రోజులే. 1990ల మొదట్లో చిత్తూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. దానికి 'అక్షర తపస్మాన్' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళకు మా జిల్లా మనుషులు బాగా తెలుసుననుకుంటాను. తపస్సు మాను అంటే మా వైపు చిన్నపిల్లలకు కూడా కళ్ళ ముందు బొమ్మ కడుతుంది. ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజులు జరిగే భారతం తిరునాళ్ళలో, పాశుపతాస్త్రం కోసం అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ ఆకాశమంత పొడుగు మాను ఎక్కుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో దాని కింద వరపడతారు. పైనుంచి విసిరే నిమ్మకాయ ఒళ్ళో పడితే చాలని. అంత కష్టపడి ఎక్కవలసిందే అక్షరం అని ఆ పేరు చెప్పింది. మా అవ్వ అరవై ఏళ్ళు దాటాక కిరోసిన్ లాంతరు వెలుగులో తన పేరు రాయడం నేర్చుకుంది. పలక మీద ఆమె రాసిన మొదటి అక్షరాలు చూసి నేను నవ్వితే మా అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది.

ఆ బడిలో కూడా దళితవాడ ఆడవాళ్ళకు బడి వేరే చోట పెట్టారు. "వాళ్ళకు దూరం కదా, రాత్రిపూట నడవలేరని" అన్నారు. ఆ దూరం రెండు వందల అడుగులు ఉంటుందేమో.

భారతం గురించి ఇంకొక మాట. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం నడపాలంటే మాటలు కాదు. కళాకారులకు బస, భోజనం, దీపాలు, చివరి రోజు దుర్యోధన వధకు నేల మీద మట్టితో పెద్ద బొమ్మ, అగ్నిగుండానికి కట్టెలు. ఈ ఖర్చంతా ఉభయాలుగా పంచుకుంటారు. ఒక్కో రోజుకు ఒక్కో ఉభయదారు. ఏ రోజు ఎవరిది, ఎవరెంత ఇచ్చారు అన్నది అందరికీ తెలుసు, పుస్తకంలో ఉంటుంది. మా జిల్లా పల్లెలకు కలిసి డబ్బు కూడేయడం, లెక్క రాయడం కొత్త కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మాకు చేతకానిది వేరే ఉంది.

ఇక కమ్యూనిటీ అనే మాట. ఇది మన పల్లెల్లోకి సర్కారు కాగితాల మీద వచ్చింది. 1952 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమాజ వికాస పథకాన్ని, అంటే కమ్యూనిటీ డెవలప్‌మెంట్‌ను, దేశంలో 55 ప్రాజెక్టులతో మొదలుపెట్టింది. బీడీఓలు, గ్రామసేవకులు, పంచాయతీ రేడియో, యువజన సంఘాలు, వీటన్నిటితో పాటు ఊరంతా కూర్చునే ఒక గది ఉండాలన్న ఆలోచన కూడా ఆ కాలంలోనే పల్లెలకు చేరింది. ఊరు ఒక్కటే కుటుంబం అనుకుని ఆ మాట వాడారు. ఊరు ఒక్కటి కాదని అదే కాలంలో అంబేడ్కర్ గట్టిగా చెబుతూనే ఉన్నాడు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో, పల్లె అంటే సంకుచితత్వపు గుంట అని ఆయన అన్న మాటకు చాలామంది నొచ్చుకున్నారు. చిన్నప్పుడు ఆ సంగతి చదివి నేనూ నొచ్చుకున్నాను. ఇప్పుడు మా హాలు చరిత్ర రాయబోయి ఆగిపోయినప్పుడు ఆయన ఏమి చూసి అన్నాడో నాకు కనిపిస్తోంది.

మా హాలు నేను ఏడో తరగతి చదివేటప్పుడు కట్టారు. జన్మభూమి 1997 జనవరిలో మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మా జిల్లా మనిషే. నారావారిపల్లె మాకు పెద్ద దూరం కాదు. అందువల్ల ఆ కార్యక్రమం అంటే మా ఊళ్ళో పండగ వాతావరణం ఉండేది. పద్ధతి ఏమిటంటే, పనికి సర్కారు కొంత ఇస్తుంది, ఊరు తన వాటా వేసుకోవాలి. డబ్బుగా కావచ్చు, సామానుగా కావచ్చు, ఒంటి కష్టంగా కావచ్చు. శ్రమదానం అన్న మాట అప్పుడు ప్రతి నోటా ఉండేది.

మా ఊరి వాటా ఎలా కూడిందో చందాల పుస్తకంలో మా నాయన చేతిరాతలో ఉంది. మామిడి తోపులున్నవాళ్ళు డబ్బిచ్చారు. ట్రాక్టర్లున్నవాళ్ళు వంకలోనుంచి ఇసుక తోలారు. ఒకాయన తన కళ్ళంలో పడున్న రాళ్ళన్నీ పునాదికి ఇచ్చేశాడు. దళితవాడ ఇళ్ళు డబ్బు ఇచ్చే స్థితిలో లేవు. ఇంటికొక మనిషి వచ్చి పని చేశారు. పునాది కాలవలు తవ్వారు, ఇటుకలు మోశారు, కంకర ఎత్తారు.

స్లాబ్ వేసిన రోజు నాకు బాగా గుర్తు. తెల్లవారకముందే కలిపే మిషను వచ్చింది. స్లాబ్ మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, అతుకు పడితే తర్వాత నీళ్ళు కారతాయని మేస్త్రీ అరుస్తూనే ఉన్నాడు. కింద సెంట్రింగ్ కర్రల అడవి. నిచ్చెనల మీద వరసగా నిలబడ్డ మనుషుల చేతుల్లోంచి తట్టలు పైకి పోతూనే ఉన్నాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఈ వీధి, ఆ వీధి, ఒకే వరస. ఒకరి చేతి తట్ట ఇంకొకరు అందుకుంటే మైలపడుతుందని ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. రాత్రి పెట్రోమాక్సు లైటు పెట్టి చివరి మూల పూర్తి చేశారు. మర్నాడు మట్టి కట్టలు కట్టి స్లాబ్ మీద నీళ్ళు నిలబెట్టారు. పొద్దున బడికి పోయేముందు మేం పిల్లలం మెట్లెక్కి ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళం.

హాలు తయారయ్యాక దానికి మొదట తెలుపు సున్నం, తలుపులకు నీలం రంగు వేశారు. కమిటీ వేశారు. మా నాయన పెద్ద. బీగం చెవి మా ఇంటికి వచ్చింది.

తర్వాత ఆ హాలు చాలా చూసింది. పోలియో చుక్కల ఆదివారాలు, ఓట్ల రోజులు, కంటి వైద్య శిబిరాలు, డ్వాక్రా సంఘాల మీటింగులు. మా అమ్మ ముప్పై ఏళ్ళ కాపురంలో మొదటిసారి ఒక బల్ల ముందు కుర్చీలో కూర్చుని నలుగురి ముందు మాట్లాడింది ఆ హాల్లోనే. పొదుపు డబ్బు లెక్క తప్పిందని ఒకావిడ మీద కేకలేసిందట. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే అమ్మ మొహంలో కనిపించిన వెలుగు నేను మళ్ళీ చూడలేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళకు రచ్చబండ మీద ఎప్పుడూ చోటు లేదు. హాలు వాళ్ళకు చోటిచ్చింది. ఆ మేలును నేను తక్కువ చెయ్యను. సంఘాల్లో దళితవాడ ఆడవాళ్ళు కూడా ఉండేవాళ్ళు, అదే హాల్లో అందరితో పాటు చాప మీద కూర్చునేవాళ్ళు. మీటింగు అంటే బ్యాంకు మనిషి వస్తాడు, ఆఫీసరు వస్తాడు. కాబట్టి కూర్చోవచ్చు. పెళ్ళి అయితే ఊరి సంగతి.

ఇక రాయడానికి నాకు కష్టంగా ఉన్న చోటికి వస్తున్నాను.

నేను తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదువుకునే రోజులు. సెలవులకు ఇంటికొచ్చాను. ఒక సాయంత్రం దళితవాడ నుంచి ఒకాయన మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన బిడ్డ, నేను ఐదో తరగతి దాకా పక్కపక్కన కూర్చుని చదువుకున్నాం. నన్ను చూసి "బాగుండావా అమ్మణ్ణీ" అని పలకరించి, మా నాయనతో "పాప పెండ్లి కుదిరింది సామీ. హాలు ఒక్క దినం ఇస్తే వచ్చే నెల చేసుకుంటాం, బాడిగ కడతాం" అన్నాడు. మా నాయన పుస్తకం తెరవకుండానే "ఆ దినం బుక్ అయిపోయిందే" అన్నాడు. వారం తర్వాత ఆయన ఇంకొక ముహూర్తం చెప్పుకుని వచ్చాడు. "ఆ టయానికి సున్నం కొట్టిస్తా ఉండాం." మూడోసారి వచ్చినప్పుడు "కమిటీలో అడిగి చెప్తాలే" అన్నాడు. మా నాయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మూడుసార్లూ మెత్తగానే చెప్పాడు. మూడోసారి ఆయన "సరే సామీ" అని వెళ్ళిపోయాడు. నాలుగోసారి రాలేదు.

పెళ్ళి వాళ్ళ వీధిలోనే షామియానా వేసి చేశారు. ముందు రోజు రిసెప్షన్‌కు పెట్టిన పాటలు మా మిద్దె మీదికి వినిపించాయి. హాలుకు బీగం వేసే ఉంది. ఆ రోజు అందులో ఏ పెళ్ళీ లేదు, సున్నమూ కొట్టలేదు. చెవి మేకుకు వేలాడుతోంది. నేను దాన్ని చూశాను. తీసుకుని పోయి ఇచ్చి ఉండొచ్చు. కనీసం నాయనను ఒక మాట అడిగి ఉండొచ్చు. రెండూ చెయ్యలేదు. ఆ పెళ్ళికి పోలేదు కూడా.

కొన్నేళ్ళకు దళితవాడలో ఇంకో కమ్యూనిటీ హాలు వచ్చింది. మా ఊరివాళ్ళు చాలామంది సంతోషపడ్డారు. "ఇంక వాళ్ళకూ ఒకటి ఉంది, గొడవ లేదు" అన్నారు. మండలంలో ఏ పల్లెకు పోయినా ఇదే కనిపిస్తుంది. ఊళ్ళో ఒక హాలు, దళితవాడలో ఒక హాలు, రెండిటి మీదా అదే మాట, కమ్యూనిటీ హాలు. దళితవాడకు సొంత కట్టడం ఉండటం తప్పని నేను అనడం లేదు. అది వాళ్ళ హక్కు, వాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నది. అందులో వాళ్ళ పిల్లలు చదువుకుంటున్నారు, అంబేడ్కర్ జయంతి చేసుకుంటున్నారు. నేను అడిగేది మన సంగతి. రెండో హాలు ఎందుకు అవసరమైందో మొదటి హాలు చరిత్రలో రాయకపోతే, ఆ చరిత్ర అబద్ధం అవుతుంది.

ఇది మర్యాదకు, మంచితనానికి మాత్రమే సంబంధించిన మాట కూడా కాదు. రాజ్యాంగం 15వ అధికరణ రెండో భాగం చాలా స్పష్టంగా ఉంది. పూర్తిగా గానీ కొంత గానీ ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే చోట్లు, వీటి వాడకంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదు. 'కొంత గానీ' అన్న మాట చూడండి. మా హాలు సగం సర్కారు డబ్బు, సగం ఊరి కష్టం. 17వ అధికరణ అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955లో దానికి చట్టం వచ్చింది, 1989లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. మా నాయన చట్టం చదివినవాడు కాదు. కానీ మెత్తగా "బుక్ అయిపోయిందే" అనడంలోనే ఆయనకు తెలిసిందేమిటో ఉంది. అది తప్పని తెలియకపోతే అబద్ధం ఎందుకు చెప్తాడు?

2021 నవంబరు వానలు తిరుపతి వైపు ఎవరూ మర్చిపోరు. స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. మా ఊళ్ళో వంక పొంగి దళితవాడలోకి నీళ్ళొచ్చాయి. దళితవాడ వంక పక్కన పల్లంలో ఉంది, వాళ్ళ హాలు కూడా మోకాలి లోతు నీళ్ళలోనే. అర్ధరాత్రి మా తమ్ముడు ఎవరినీ అడక్కుండా చెవి తీసుకుని పోయి పాత హాలు తలుపులు తెరిచాడు. అప్పటికి మా నాయన పోయి రెండేళ్ళు. నాలుగు రాత్రులు అందులో ముసలీముతకా, చంటిబిడ్డలు, మేకపిల్లలు. మా వీధి ఇళ్ళ నుంచి బియ్యం, బొరుగులు, దుప్పట్లు పోయాయి. వంట హాలు వెనకాల పెద్ద గిన్నెల్లో వాళ్ళూ వీళ్ళూ కలిసి చేశారు. మా అమ్మ కూడా అక్కడే కూర్చుని ఉల్లిగడ్డలు తరిగిందని ఫోనులో చెప్పింది. "తిన్నావా అమ్మా అక్కడ?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "తిన్నాన్లే" అంది.

ఐదో రోజు నీళ్ళు తీశాయి. వాళ్ళు హాలు కడిగి, తుడిచి, ఇళ్ళకు పోయారు. చెవి మళ్ళీ మేకుకు చేరింది.

ఒకసారి కాంచీపురం పోయినప్పుడు అక్కడి నుంచి ఉత్తరమేరూరు పోయాను. అదేదో దూరదేశం కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మా ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది. ఆ తమిళ పల్లెలు మా ఇరుగుపొరుగే. ఉత్తరమేరూరులో ఉన్నది కూడా ఒక ఊరి హాలే. సభ కూర్చున్న మండపం, దాని రాతి గోడల మీద పదో శతాబ్దం మొదట్లో పరాంతక చోళుడి కాలంలో చెక్కిన ఎన్నికల నియమాలు. ఊరిని 30 వార్డులు చేశారు. పేర్లు రాసిన తాటాకులు కుండలో వేసి చిన్నపిల్లవాడితో తీయించారు. నిలబడేవాళ్ళకు 35 ఏళ్ళు నిండాలి, 70 దాటకూడదు. పన్ను కట్టే భూమి, సొంత ఇల్లు ఉండాలి. నన్ను ఆపి నిలబెట్టిన నియమం వేరే. అంతకుముందు కమిటీలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడు పనికిరాడు, వాడి బంధువులు కూడా పనికిరారు.

ఆ సభ అందరిదీ అని నేను అనను. అది బ్రాహ్మణుల అగ్రహారం. భూమి లేనివాడికి, ఆడవాళ్ళకు, పొలాల్లో చెమటోడ్చినవాళ్ళకు అందులో చోటు లేదు. అయినా ఎవరికి చోటు ఉందో, ఎవరికి లేదో గోడ మీదే రాసి పెట్టారు. వెయ్యేళ్ళ తర్వాత నేను పోయి చదివి, ఇది అన్యాయం అని చెప్పగలిగాను. మా హాలు గోడల మీద శంకుస్థాపన చేసినవాళ్ళ పేర్లు తప్ప ఏమీ లేదు. మా నియమం ఎక్కడా రాయలేదు. రాయని నియమాన్ని తప్పని నిరూపించడం ఎంత కష్టమో ఆ మూడుసార్లు మా వాకిట్లో నిలబడ్డ మనిషికి తెలుసు.

ఇదంతా మా మేనమామతో చెప్పాను. ఆయన మంచివాడు. నన్ను ఎత్తుకు తిప్పినవాడు. "పాత సంగతులు ఏమిటికి తవ్వుతావు పాపా? ఇప్పుడు పిల్లోళ్ళు అందరూ ఒకే బైకు మీద తిరగతా ఉండారు. కొత్త హాలు అందరికీ అని అనుకుంటే సరిపోలా?" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. ఈ తరం పిల్లలు మాకంటే చాలా నయం. క్రికెట్ టీములో, తిరుపతిలో హాస్టలు గదుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో కలిసే ఉన్నారు. కానీ పెళ్ళి కార్డు దగ్గరికి వచ్చేసరికి పాత గీత మళ్ళీ కనిపిస్తుంది. అనుకుంటే సరిపోదు మామా. 1997లో కూడా అందరికీ అనే అనుకున్నాం. స్లాబ్ రోజున నిజంగానే అలా అనుకున్నాం. చెవి ఒక ఇంటికి పోయింది, ఆ ఇంటి కులం హాలుకు వచ్చేసింది.

పడగొట్టడం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. స్లాబ్ కింద పెచ్చులు ఊడుతున్నాయి, కడ్డీలు తుప్పు పట్టాయి. నిజమే. తిరుపతి నుంచి వచ్చిన ఒక ఇంజనీరు చూసి, పెచ్చులు తీసి కడ్డీలకు పూత పూసి మళ్ళీ కప్పితే, పైన నీళ్ళు దిగకుండా చేస్తే ఇంకా చాలా ఏళ్ళు ఉంటుందన్నాడు. ఆ పని ఎవరికీ రుచించలేదు. రిపేరుకు శిలాఫలకం ఉండదు. ఎంపీ నిధుల పథకం 1993 డిసెంబరులో మొదలైనప్పుడే దాని ఉద్దేశం మన్నికైన ఆస్తులు కొత్తగా కల్పించడం. సున్నానికి, కిటికీ రెక్కకు, బాత్రూం గొళ్ళేనికి డబ్బు అడిగితే ఎవరూ ఇవ్వరు. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గవిగా 29 పనులు లెక్కపెట్టింది. సమాజ ఆస్తుల నిర్వహణ ఆ జాబితాలో 29వది, అన్నిటికంటే చివరిది. వరుసకు అర్థం ఏమీ లేకపోవచ్చు, కానీ మా పంచాయతీలో దానికి దక్కిన చోటు మాత్రం అదే.

అయినా ఊరు పడగొట్టాలనే అనుకుంటే నేను అడ్డం పడుకోను. మా అందరి డబ్బు, మా అందరి జాగా, గ్రామసభలో తేల్చుకోవాలి. ఆ సభలో దళితవాడ కూర్చుని ఉండాలి, ఈసారి లోపల. నేను అడిగేది చెవి గురించి. అది ఏ ఇంట్లోనూ ఉండకూడదు. 2019 అక్టోబరు నుంచి ఊళ్ళో గ్రామ సచివాలయం ఉంది. చెవి అక్కడ ఉండాలి, బుకింగ్ పుస్తకం అక్కడ బల్ల మీద ఎవరైనా తెరిచి చూసేట్టు ఉండాలి. ఏ తారీకు ఎవరికి ఇచ్చారు, ఎవరు అడిగితే ఇవ్వలేదు, ఎందుకు ఇవ్వలేదు, మూడూ అందులో రాయాలి. బాడిగ అందరికీ ఒకటే, గోడ మీద రాసి పెట్టాలి. ఇక నల్లరాయి మీద పది వరుసలు చాలవు. చందాల పుస్తకంలో ఉన్న పేర్లన్నీ రావాలి. వెయ్యి రూపాయలిచ్చిన పేరు, తట్ట మోసిన పేరు ఒకే సైజు అక్షరాల్లో. రాయి పెద్దది కావాలంటే పెద్దది తేవాలి. ద్రావిడ దేశమంతా మోయగలిగినన్ని రాళ్ళు మా చిత్తూరు కొండల్లో ఉన్నాయి.

అమ్మతో చెప్పాను, నాయన సంగతి కూడా రాస్తానని. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ నాయన ఒక్కడే అనుకున్నాడా ఏంది, ఊరంతా అనిందే ఆయన చెప్పినాడు" అంది. అది నిజమే కావచ్చు. కానీ చెప్పింది ఆయన నోరే. నేను ఆయన్ని ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తున్నాను. నాకు సైకిల్ నేర్పింది, ఊళ్ళో అందరికంటే ముందు ఆడపిల్లను తిరుపతి హాస్టలుకు పంపింది ఆయనే. ఈ రెండూ ఒక్క మనిషే. ఇదీ రాస్తాను, అదీ రాస్తాను అన్నాను. అమ్మ లేచి ట్రంకు పెట్టె తెరిచి, అడుగు నుంచి చందాల పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది.

మర్నాడు పొద్దున ఆ పుస్తకం పట్టుకుని దళితవాడకు పోయాను. నాతో చదువుకున్న ఆమె ఇప్పుడు సంఘం లీడరు. అత్తగారి ఊరి నుంచి ఇక్కడికే వచ్చేసి ఇరవై ఏళ్ళకు దగ్గర పడుతోంది. వాళ్ళ నాయన పోయారు. వాకిట్లో మంచం వేసింది, టీ పెట్టింది. నేను ఆ పెళ్ళి సంగతి ఎత్తాను, తప్పయిందని చెప్పాను. "నువ్వేం చేస్తావులే అప్పుడు" అంది. క్షమించినట్టు కాదు, ఆ మాట అక్కడితో ఆపమన్నట్టు. నేను ఆపాను.

పుస్తకంలో శ్రమదానం పేజీ తీసి చూపించాను. ఇంటికొక పేరు, పేరు ఎదురుగా ఎన్ని రోజులు పని చేస్తే అన్ని గీతలు. వేలితో వరసగా దిగుతూ వాళ్ళ నాయన పేరు దగ్గర ఆగింది. పైకి చదివింది. ఎదురుగా మూడు గీతలు.

"పునాది తవ్వింది ఒకటి" అని వేలు మడిచింది. "ఇటికలు మోసింది ఒకటి. కంకర ఎత్తింది ఒకటి." తలెత్తి నన్ను చూసింది. "స్లాబ్ దినం ఏదీ? పొద్దున్నించి రాత్రి దాకా మా నాయన ఆ పైనే ఉండాడు. మద్యానం క్యారియర్ ఎత్తుకొచ్చింది నేనే."

నాకూ గుర్తుంది. రావిచెట్టుకు అవతల క్యారియర్ పట్టుకుని నిలబడి పైకి చూస్తూ ఉండేది.

"పెన్నుందా?" అంది.